నిర్మాణ ఒప్పందాల్లో నష్టపూచీ: దుమ్ముగూడెం పనుల చరిత్ర

పునాది తవ్వితే రాయికి బదులు ఇసుక తగలొచ్చు. ఇనుము ధర పెరగొచ్చు, కూలీకి ప్రమాదం జరగొచ్చు, అటవీ అనుమతి ఏళ్ల తరబడి రాకపోవచ్చు. వీటిలో ఏ నష్టం ఎవరు భరించాలో పని మొదలుకాకముందే ఒప్పందంలో రాసుకుంటారు. ఒకరికి కలిగిన నష్టాన్ని తాను పూడుస్తానని మరొకరు రాసిచ్చే హామీయే నష్టపూచీ. భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున ఉన్న దుమ్ముగూడెంలో ఒకటిన్నర శతాబ్దంగా సాగిన పనుల్లో ఈ నష్టాల భారం ఎవరి మీద పడుతూ వచ్చిందో కనిపిస్తుంది.

గోదావరి మీదుగా మధ్య పరగణాల పత్తిని సముద్రానికి చేర్చాలన్నది సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన. రాతి గుట్టలు పడవలకు అడ్డొచ్చే మూడు చోట్లలో దుమ్ముగూడెం మొదటిది. 1860ల్లో ఇంజనీర్ హేగ్ పర్యవేక్షణలో ఇక్కడ ఆనకట్ట, లాకులు కట్టారు. అడవి జ్వరాలు పనివాళ్లను కుంగదీశాయి. ఈలోగా 1867లో నాగపూరుకు రైలు వచ్చింది, పత్తికి మరో దారి దొరికింది. 1871లో ప్రభుత్వం పథకాన్ని వదిలేసింది. పెట్టిన ఖర్చంతా ఖజానాకే నష్టం.

మరుసటి ఏడాదే భారత కాంట్రాక్టు చట్టం వచ్చింది. దాని 124వ సెక్షన్ నష్టపూచీని నిర్వచించింది: హామీ ఇచ్చినవారి వల్లగానీ వేరే మనిషి వల్లగానీ కలిగిన నష్టానికే అది వర్తిస్తుంది. వరద మనిషి చేసేది కాదు. అందుకే వరద నష్టానికి ఒప్పందంలో వేరే క్లాజులు రాయాలి, లేదా బీమా చేయించాలి. చేతి డబ్బు పోయేదాకా ఆగకుండానే హామీని అమలు చేయమని అడగవచ్చని 1942లో బొంబాయి హైకోర్టు చెప్పింది.

కూలీల విషయంలో చట్టం ముందే ఒక దారి చూపింది. 1923 నాటి కార్మిక పరిహార చట్టం 12వ సెక్షన్, తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించిన యజమాని కూడా ప్రమాద పరిహారం చెల్లించాల్సిందేనని చెప్పింది. ఆ మొత్తాన్ని తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చు. బాధితుడు మాత్రం వాళ్లిద్దరి లెక్క తేలేదాకా ఎదురుచూడనక్కర్లేదు.

2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సాగునీటి కార్యక్రమం జలయజ్ఞంలో ఈపీసీ పద్ధతి విస్తరించింది. సర్వే, డిజైన్, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరువే. ధర మొత్తంగా ఒకటే. మట్టి పని అంచనాకు మించినా అదనంగా అడగకూడదన్నది దాని సూత్రం. అంతర్జాతీయంగా ఫిడిక్ సంస్థ 1999లో తెచ్చిన సిల్వర్ బుక్ కూడా ఇదే తరహా. అయితే భూసేకరణ, అటవీ అనుమతులు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. అవి ఆలస్యమైతే కాంట్రాక్టరు గడువు పెంచమంటాడు, ధరలు సవరించమంటాడు. 2012లో ఆడిట్ సంస్థ కాగ్ ఇచ్చిన జలయజ్ఞం నివేదిక ఈపీసీ అమలును తప్పుబట్టింది. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 22తో పాత ఈపీసీ పనులకూ ధరల పెంపు చెల్లించడానికి వీలు కల్పించింది.

ఏ క్లాజూ ఊహించని మలుపు 2014లో వచ్చింది. అంతకుముందే జలయజ్ఞంలో ఈ ప్రాంతానికి రాజీవ్‌సాగర్, ఇందిరాసాగర్ ఎత్తిపోతలు మంజూరయ్యాయి. రాష్ట్ర విభజన వేళ పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు తెలంగాణకు కాకుండా ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఇందిరాసాగర్ నీళ్లు తోడాల్సిన వేలేరుపాడు మండలంలోని రుద్రమకోట పక్క రాష్ట్రానికి పోయింది. ఆయకట్టు మాత్రం ఖమ్మంలోనే మిగిలింది. ఈ నష్టాన్ని ఏ కాంట్రాక్టరు మీదా వేయడానికి లేదు. తెలంగాణ ప్రభుత్వం ఆ రెండు పథకాలనూ కలిపి, దుమ్ముగూడెం వద్ద నీరు తీసుకునే సీతారామ ఎత్తిపోతలుగా మార్చి 2016 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసింది. మొదట దాదాపు రూ.7,926 కోట్లుగా ఉన్న అంచనా 2018లో రూ.13 వేల కోట్లు దాటింది.

ఇదే నది ఎగువన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు పిల్లర్లు కుంగాయి. మరమ్మతు ఖర్చు ఎవరిదన్న వాదన, పని పూర్తయినట్టు ఇచ్చిన సర్టిఫికెట్ చుట్టూ, లోపాలకు కాంట్రాక్టరు బాధ్యత వహించాల్సిన గడువు చుట్టూ తిరిగింది.