వెల్ష్ భాష ఎవరిది?

బ్రిటన్ అనగానే మనకు ఇంగ్లీషే గుర్తొస్తుంది. కానీ ఆ దీవికి పడమటి వైపున్న వేల్స్‌లో ఇంగ్లీషు కంటే ముందు నుంచీ ఉన్న భాష ఒకటి ఇప్పటికీ బతికి ఉంది. మాట్లాడేవాళ్లు దాన్ని ‘కమ్రైగ్’ అంటారు. ‘వెల్ష్’ అన్నది ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు ‘పరాయివాడు’ అని అర్థం. సొంత నేల మీద పరాయివాళ్లు అనిపించుకోవడం మనకు కొత్త కాదు. మనలో గోండులు తమను కోయతూర్ అని చెప్పుకుంటారు, లోకం మాత్రం వేరే పేరుతోనే పిలుస్తుంది.

వెల్ష్ చరిత్రలో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, బడి ద్వారా ఒక భాషను ఎలా అణిచారన్నది. రెండోది, అదే భాషను బడి ద్వారా తిరిగి నిలబెడుతున్నప్పుడు ఎవరు బయట మిగిలిపోయారన్నది. మొదటిది మనకు బాగా తెలిసిన కథే. రెండోదాన్ని మనం అంతగా ఆలోచించలేదు.

1536లో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో చేసిన చట్టం వేల్స్‌ను ఇంగ్లండులో కలిపేసింది. కోర్టుల్లో ఇంగ్లీషే వాడాలని, ఇంగ్లీషు రానివాళ్లకు ఉద్యోగం ఉండదని శాసించింది. ఊళ్లో అందరూ మాట్లాడేది వెల్ష్, తీర్పు వినిపించేది ఇంగ్లీషు. అయినా 1588లో విలియం మోర్గన్ బైబిల్ మొత్తాన్ని వెల్ష్‌లోకి తేవడంతో ఆ భాషకు రాత నిలిచింది. 18వ శతాబ్దంలో గ్రిఫిత్ జోన్స్ అనే మతగురువు ‘తిరిగే బడులు’ నడిపాడు. వ్యవసాయ పనులు తక్కువగా ఉండే చలికాలంలో ఒక ఉపాధ్యాయుడు ఊరికి వచ్చి సుమారు మూడు నెలలు ఉండేవాడు. పిల్లలకూ పెద్దలకూ వాళ్ల భాషలోనే చదవడం నేర్పి, తర్వాత మరో ఊరికి కదిలేవాడు. లక్షల మంది చదవడం నేర్చారంటే అది ఇంటి భాషలో నేర్పినందువల్లే.

ఈ కథకు మన దేశంతోనూ ఒక ముడి ఉంది. 1841లో థామస్ జోన్స్ అనే వెల్ష్ మిషనరీ నేటి మేఘాలయలోని సోహ్రాకు వచ్చాడు. ఖాసీ ఆదివాసుల భాషను రోమన్ లిపిలో రాయడానికి తన వెల్ష్ స్పెల్లింగ్ పద్ధతినే ఆధారం చేసుకున్నాడు. ఖాసీలు నేటికీ రాస్తున్నది ఆ బాటలోనే. ఖాసీ పిల్లల చదువుకు అలా సాయపడిన వెల్ష్ భాషకు, సొంత దేశంలో ఆరేళ్లకే అవమానం ఎదురైంది.

1847లో వేల్స్ బడుల మీద ప్రభుత్వం ఒక నివేదిక వేసింది. పరిశీలించడానికి వచ్చిన ముగ్గురు కమిషనర్లలో ఒక్కరికీ వెల్ష్ రాదు. వాళ్లు ఇంగ్లీషులో అడిగారు, పిల్లలు తెల్లమొహం వేశారు. పిల్లలకు ఏమీ రాదని రాసుకున్నారు. బడులు బాగోలేవన్నది చాలావరకు నిజమే. కానీ వెనకబాటుకు వాళ్ల భాషే కారణమని, ఆ జనానికి నీతి కూడా తక్కువని రాశారు. వెల్ష్ జనం ఆ నివేదికను ‘నీలి పుస్తకాల ద్రోహం’ అని పిలుచుకున్నారు.

ఆ శతాబ్దంలోనే ‘వెల్ష్ నాట్’ అనే శిక్ష చాలా బడుల్లో నడిచింది. బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. మరొకడు వెల్ష్ మాట్లాడితే అది వాడి మెడలోకి మారేది. సాయంత్రం అది ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. పిల్లలే ఒకరి మీద ఒకరు కాపలా కాసేలా చేసిన శిక్ష ఇది. దీన్ని ఏ చట్టమూ ఆదేశించలేదు. చాలాచోట్ల టీచర్లు వెల్ష్‌వాళ్లే, తల్లిదండ్రులు కూడా ఒప్పుకున్నారు. ఇంగ్లీషు వస్తేనే బతుకు బాగుపడుతుందని అందరూ నమ్మారు. ఇంటి భాష మాట్లాడినందుకు బడిలో బెత్తం దెబ్బ తిన్నవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆ తర్వాత టీచర్లమై అదే బెత్తం పట్టుకున్నవాళ్లమూ ఉన్నాం.

1901లో వేల్స్ జనంలో దాదాపు సగం మందికి వెల్ష్ వచ్చు. 1981 నాటికి నూటికి 19 మందే మిగిలారు. కానీ జనం ఊరుకోలేదు. 1939లో అబెరిస్ట్‌విత్‌లో వెల్ష్ మాధ్యమంలో తొలి ప్రాథమిక బడి పెట్టారు. 1962లో భాషా హక్కుల సంఘం పుట్టింది. ఇప్పుడు వేల్స్ ప్రభుత్వ బడుల్లో ప్రతి పిల్లవాడూ వెల్ష్ నేర్చుకోవాలి. 2050 నాటికి పది లక్షల మంది మాట్లాడాలన్నది ప్రభుత్వ లక్ష్యం. 2021 జనగణనలో ఆ సంఖ్య 5 లక్షల 38 వేలు.

ఇక రెండో పాఠం. బొగ్గు ఎగుమతితో పెరిగిన కార్డిఫ్ రేవుకు సోమాలియా, యెమెన్, పశ్చిమాఫ్రికా, కరీబియన్ దీవులు, భారతదేశం నుంచి నావికులు వచ్చి బ్యూట్‌టౌన్‌లో స్థిరపడ్డారు. 1919 జూన్‌లో తెల్లవారి గుంపులు వాళ్ల ఇళ్ల మీద పడ్డాయి. కార్డిఫ్‌లో ముగ్గురు చనిపోయారు. ఆ పేటలోనే 1934లో బెట్టీ క్యాంప్‌బెల్ పుట్టారు. టీచర్ అవుతానని బడిలో చెబితే, నీలాంటి నల్లజాతి పేద పిల్లకు అది దాటలేని కష్టమని టీచరే అన్నారు. ముగ్గురు పిల్లల తల్లి అయ్యాక ఆమె శిక్షణ పొందారు. వేల్స్‌లో తొలి నల్లజాతి ప్రధానోపాధ్యాయురాలై, బానిసత్వ చరిత్రను తన బడిలో పాఠంగా చెప్పారు. 2021లో కార్డిఫ్ నడిబొడ్డున ఆమె విగ్రహం నిలబెట్టారు.

బడి తలుపే ఇంత కష్టంగా తెరుచుకున్నప్పుడు వెల్ష్ మాధ్యమ బడి తలుపు ఎలా ఉంటుంది? వెల్ష్ అంటే తెల్లవాళ్ల భాష అన్న ఊహ చాలామందిలో పాతుకుపోయింది. నల్లని చర్మం ఉన్న మనిషి వెల్ష్‌లో పలకరించినా ఎదుటివాళ్లు ఇంగ్లీషులో జవాబిస్తారు. అక్కడే పుట్టినా ‘నీకు వెల్ష్ ఎలా వచ్చు?’ అని ఆశ్చర్యపోతారు. శరణార్థులకు భాష నేర్పడమంటే చాలాకాలం ఇంగ్లీషు నేర్పడమే. ఇంట్లో సోమాలీయో బెంగాలీయో మాట్లాడే తల్లిదండ్రులకు, వెల్ష్ బడి మీ పిల్లలకు కూడా అని చెప్పేవాళ్లు తక్కువ. రెండు భాషలు మోసే పిల్లవాడికి మూడోది బరువని టీచర్లే అనుకుంటారు. ఆ బడుల్లో తమలాంటి టీచరు కూడా కనిపించరు. బ్యూట్‌టౌన్, దాని పక్క పేటల పిల్లల కోసం హామాడ్రియాడ్ అనే వెల్ష్ బడి మొదలైంది 2016లో మాత్రమే, అదీ తల్లిదండ్రులు పట్టుబట్టి అడిగాక.

దెబ్బ తిన్నవాళ్లందరూ ఇతరుల దెబ్బను గుర్తిస్తారని లేదు. బెథెస్డాలో వెల్ష్ మాట్లాడే కూలీలు పలకరాయి తవ్విన పెన్రిన్ గని యజమానుల సంపదకు మూలం జమైకాలో బానిసలు పండించిన చెరకు. ఆ కూలీలు 1900 నుంచి 1903 దాకా యజమాని మీద సమ్మె చేశారు. ఆ యజమాని సొమ్ములో బానిసల చెమట కూడా ఉందన్న సంగతి మాత్రం బడి పాఠాల్లోకి రావడానికి వందేళ్లకు పైగా పట్టింది. 2022 నుంచి వేల్స్ కొత్త పాఠ్యప్రణాళికలో నల్లజాతి, ఆసియా ప్రజల చరిత్ర తప్పనిసరి.

ఇప్పుడు మన బడికి వద్దాం. మన భాషలో పాఠం కావాలని మనం అడుగుతున్నాం. అది మన హక్కు. కానీ గోండి ఎక్కువగా మాట్లాడే ఊళ్లో కొలామ్ పిల్లవాడి ఇంటి భాష ఏమిటో ఎప్పుడైనా అడిగామా? ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని వచ్చిన గుత్తికోయల పిల్లల మాటను ‘యాస’ అని నవ్వుకోలేదా? పెద్ద భాష మనకు చేసినదాన్ని మనం చిన్న భాషకు చేయకూడదు.

వచ్చే జూన్‌లో బడి తెరిచినప్పుడు హాజరు పట్టీలో ప్రతి పిల్లవాడి పేరు పక్కన వాడి ఇంటి భాష రాసుకుందాం. ఆ భాషలో పలకరింపు మాట ఒక్కటైనా వాడి దగ్గరే నేర్చుకుని, మర్నాడు దానితోనే పిలుద్దాం.