ఆర్చెట్

ఆర్చెట్ జె. ఆర్. ఆర్. టోల్కీన్ (1892–1973) సృష్టించిన మిడిల్-ఎర్త్ లోకంలో అడవి అంచున ఉన్న చిన్న పల్లె. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి భాగంలో (1954) దీని ప్రస్తావన ఉంది. కథ ఈ ఊళ్లో అడుగు పెట్టకపోయినా, దాని వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉంది.

స్థానం
బ్రీ ప్రాంతంలోని నాలుగు ఊళ్లలో ఇదొకటి. కొండవాలున బ్రీ, కొండకు అవతల స్టాడిల్, లోతైన లోయలో కూమ్, చెట్‌వుడ్ అడవి అంచున ఆర్చెట్ ఉన్నాయి. మనుషులూ పొట్టివారైన హాబిట్లూ కలిసిమెలిసి బతకడం ఈ ప్రాంతపు విశేషం.

పేరు
బ్రీ ప్రాంతపు పాత పేర్లకు టోల్కీన్ బ్రిటన్‌లోని కెల్టిక్ స్థలనామాలను నమూనాగా తీసుకున్నాడు. వాటిలో 'బ్రీ' అంటే కొండ, 'చెట్' అంటే అడవి. తెలుగు 'చెట్టు'తో పోలిక కాకతాళీయమే. కొత్త భాష వచ్చినా ఊరి పేర్లలో పాత భాష నిలిచిపోతుందన్న సత్యాన్ని ఆయన ఇలా కథలోకి తెచ్చాడు.

చరిత్ర
పడమటి నేలకు మొదట వలస వచ్చిన మనుషుల సంతతి తామేనని బ్రీ వాసులు చెప్పుకుంటారు. ఉత్తర రాజ్యం ఏలుబడిలోకి వచ్చాక వారు వెస్ట్రాన్ అనే ఉమ్మడి భాషకు మారారు. కథలోని కాలగణన ప్రకారం మూడో యుగం 1601లో మార్కో, బ్లాంకో అనే హాబిట్ సోదరులు బ్రీ నుంచి బయలుదేరి హాబిట్ల సీమ అయిన షైర్‌ను స్థాపించారు. అదే యుగం 1974లో ఉత్తర రాజ్యం కూలింది. రాజులు పోయినా ఈ ఊళ్లు మిగిలాయి.

కథలో
మూడో యుగం 3018 సెప్టెంబరు 30న కథానాయకుడైన హాబిట్ ఫ్రోడో బృందం బ్రీ నుంచి బయలుదేరింది. వెంటాడే శత్రువుల కన్నుగప్పడానికి, వారికి దారి చూపే ఆరగార్న్ రాజబాట వదిలి, ముందు ఆర్చెట్ వైపు నడిచి, ఊరిని తూర్పుగా దాటి వెదర్‌టాప్ కొండకు చేరాలని పథకం వేశాడు. అడవి అంచున ఉండటమే ఈ పల్లెకు కథలో చోటిచ్చింది.

తరువాత
2007లో వచ్చిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్' వీడియో గేమ్‌లో మనుషుల, హాబిట్ల పాత్రలకు ఆరంభ స్థలాల్లో ఆర్చెట్ ఒకటి. అందులో దుండగుల దాడిలో ఊరు తగలబడే ఘట్టం గేమ్ రూపకర్తల కల్పన. టోల్కీన్ ఒక్క ఇంటినైనా వర్ణించని ఈ పల్లెకు అక్కడ వీధులూ జనమూ ఏర్పడ్డాయి.