ఐపీ పెట్టాడంటే ముంచేసి పోయాడనేనా?

బీటెక్‌లో సార్ "ఐపీ అంటే ఏంటి?" అని అడిగితే క్లాసంతా ఇంటర్నెట్ ప్రోటోకాల్ అంది. నాకు మాత్రం మా నాన్న మొహం గుర్తొచ్చింది.

మాది తాడేపల్లిగూడెం. కొల్లేరులో చేపల చెరువు లీజుకి చేసే ఒకాయనకి నాన్న రెండు రూపాయల వడ్డీకి, ప్రోనోటు రాయించుకుని అప్పిచ్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు జరిగింది. ఐదో కాంటూరు లోపల అభయారణ్యంలో ఉన్న చెరువుల గట్లు పగలగొట్టారు. ఆయన చెరువూ పోయింది. తర్వాత ఏలూరు కోర్టు నుంచి మాకు నోటీసు వచ్చింది. "ఐపీ పెట్టేశాడు, ఇంక మన డబ్బు పోయినట్టే" అని నాన్న దాన్ని బీరువాలో పడేశారు.

మన వైపు ఐపీ అంటే తిట్టు. అసలది ఇన్సాల్వెన్సీ పిటిషన్. బాకీ కట్టనివాణ్ణి డిక్రీ తెచ్చి సివిల్ జైల్లో పెట్టించొచ్చు. కానీ నిజంగా ఏమీ లేనివాణ్ణి జైల్లో పెడితే ఎవరికి లాభం? అందుకే బ్రిటిష్ కాలంలో మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకి 1909లో ఒక చట్టం, మనలాంటి జిల్లాలకి 1920లో ఇంకో చట్టం చేశారు. 500 రూపాయల అప్పున్నా, తీర్చలేకపోతే పిటిషన్ వేయొచ్చు.

మరి అప్పిచ్చినవాళ్ల సంగతేంటి? పిటిషన్ వేసినవాడు తన అప్పులూ ఆస్తులూ కోర్టుకి రాసివ్వాలి. కోర్టు దివాలా ప్రకటిస్తే ఆస్తి కోర్టు చేతికో, రిసీవర్ చేతికో వెళ్తుంది. అది అమ్మి, బాకీ రుజువు చేసుకున్నవాళ్లకి వాటా ప్రకారం పంచుతారు. పిటిషన్‌కి ముందు రెండేళ్లలో ఊరికే బావమరిది పేర రాసేసిన ఆస్తి ఉంటే, దాన్నీ రద్దు చేయొచ్చు. కావాలని ఆస్తి దాస్తే జైలు. రాత్రికి రాత్రి బోర్డు తిప్పేయడం వేరు, ఐపీ వేరు.

2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా, మామూలు మనుషుల అప్పులకి సంబంధించిన భాగం ఇంకా అమల్లోకి రాలేదు. వాళ్లకి పాత చట్టమే దిక్కు. కాబట్టి నోటీసు వచ్చిందంటే శుభం కార్డు పడ్డట్టు కాదు. ప్రోనోటు పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లండి.

పోయిన సంక్రాంతికి ఆ కాగితాలు తీసి చదివాను. అప్పులవాళ్ల పట్టికలో నాన్న పేరు, బాకీ అంకె సరిగ్గా ఉన్నాయి. ఆయన ఏదీ దాచలేదు. కోర్టుకి వెళ్లనిది మేమే. ఇన్నేళ్లూ ఆయన్ని దొంగ అన్నదీ మేమే.