అడ్డపొగ: తెలుగు తీరమున పొగచుట్ట చరిత్ర

పొగాకు తెలుగువారి పూర్వాచారము కాదు. శ్రీనాథుడు తాంబూలము నెరుగును గాని పొగచుట్ట నెరుగడు. 1492లో కొలంబసు అమెరికా తీరమును చేరిన పిమ్మటనే ఈ ఆకు సంగతి ఐరోపావారికి తెలిసినది. పోర్చుగీసు నావలపై అది మన దేశమునకు వచ్చినది. 1604-05 ప్రాంతమున అసద్ బేగు బిజాపురమునుండి పొగాకును, హుక్కాను కొనిపోయి అక్బరు పాదుషాకు సమర్పించెను. ఆస్థాన వైద్యుడు వలదని వారించెను. 1617లో జహంగీరు పొగత్రాగుటను నిషేధించెను. ఇంగ్లాండున మొదటి జేమ్సురాజు 1604లోనే పొగాకును దూషించుచు ఒక చిన్న గ్రంథము వ్రాసెను. వైద్యుని మాటగాని, రాజుల మాటగాని ఎవరును వినలేదు.

తెలుగుదేశమున గోదావరి లంకల మెత్తని ఒండ్రునేల ఈ పైరునకు పుట్టినిల్లువలె అమరినది. ‘లంకపొగాకు’ అను పేరు నాడు పుట్టినదే. ఆంగ్లేయులు వాడు ‘చెరూట్’ అను మాట తమిళ ‘శురుట్టు’ నుండి పోయినది. తమిళుల శురుట్టును, మన చుట్టయు ఆకును చుట్టు పనినే తెలుపును. 1892లో తొలుత ప్రదర్శింపబడిన ‘కన్యాశుల్కము’న గురజాడవారు పొగచుట్ట మహిమను గిరీశమునోట పలికించి నవ్వించిరి. ఆ నవ్వులోని వెక్కిరింతను మరచి, పొగత్రాగుటకు ప్రమాణముగా ఆ ఘట్టమునే చూపువారు నేటికిని కలరు!

చుట్టను అందరును ఒకే రీతిని కాల్చరు. విశాఖపట్టణము, శ్రీకాకుళము తీరప్రాంతములందు నిప్పున్న కొనను నోటిలోపల నుంచుకొని పీల్చు వాడుక కలదు. దీనిని ‘అడ్డపొగ’ అందురు. అలవాటుపడినవారిలో అధికులు స్త్రీలు. తల్లిని చూచి కూతురు నేర్చును. సముద్రపుగాలికి చుట్ట ఆరిపోకుండుట, ఒక చుట్ట చాలసేపు నిలుచుట, చంటిబిడ్డపై నిప్పురవ్వ పడకుండుట అని కారణములు చెప్పుదురు. ఇవి వినుటకు సబబుగానే యుండును. కాని పెదవులు మూసికొని పీల్చునపుడు నోటిలోని గాలి వేడి 120 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పెరుగవచ్చునని కొలతలు చూపినవి. నీరు మరుగు వేడికంటె ఇది ఎక్కువ. ఆ వేడియు, పొగలోని విషపదార్థములును నేరుగా అంగిటికి తగులును. అంగిలి మొదట తెల్లబారును. లాలాజలమును స్రవించు చిన్నగ్రంథుల నోళ్లు ఎఱ్ఱని చుక్కలై కనిపించును. కొందరికి పుండు పడును. ఆ పుండ్లలో కొన్ని క్యాన్సరుగా మారును. తొలిదశలో నొప్పి యుండదు గనుక ఎవరును వైద్యునికి చూపరు.

ఇతరదేశములందు నోటి క్యాన్సరు గట్టి అంగిటికి వచ్చుట అరుదు. ఇచ్చట అది తరచుగా కనబడుట వైద్యులను ఆలోచింపజేసినది. 1937లో కిణి, సుబ్బారావు అను వైద్యులు ఈ వ్యాధికిని అడ్డపొగకును గల సంబంధమును ప్రకటించిరి. సిగరెట్టునకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును ఇంగ్లాండున డాల్, హిల్ పండితులు 1950లో చూపిరి. అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి నివేదిక 1964 నాటిది. పొగవలన క్యాన్సరు కలుగునన్న మాట పడమటినుండి వచ్చిన క్రొత్తమాట యని త్రోసిపుచ్చువారు ఈ సంవత్సరములను గమనింపవలెను. డి. జి. రెడ్డి, వి. కె. రావుగార్లు 1957లో తీరాంధ్రపు అంగిటి క్యాన్సరునుగూర్చి మరల వ్రాసిరి. పిమ్మట డెన్మార్కు దంతవైద్యుడు పిండ్‌బోర్గు బొంబాయి పరిశోధకులతో కూడి శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించెను. ఆ ఫలితములు 1971లో వెలువడినవి. వారిలో నూటికి 43.8 మందికి అడ్డపొగ అలవాటు ఉన్నది.

పరిశోధన అంతటితో ఆగియున్నచో అది వ్యాధి లెక్కగా మాత్రమే మిగిలియుండెడిది. 1970వ దశాబ్ది చివర శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరు జిల్లాలలో దాదాపు 36,000 మంది పొగాకు వాడువారిని ఎంచి, ఇంటింటికి పోయి, నోరు చూచి, మానుడని నచ్చజెప్పు కార్యక్రమము మొదలైనది. మందు లేదు, కత్తి లేదు, మాట మాత్రమే. మానినవారిలో క్యాన్సరునకు దారితీయు మచ్చలు క్రొత్తగా కలుగుట తగ్గినది. డాల్ పండితుడు బ్రిటిషు వైద్యులను 50 ఏండ్లు పరిశీలించి 2004లో వెల్లడించిన లెక్క దీనికి తోడు: సిగరెట్టును 30వ ఏట మానినవారికి సుమారు 10 ఏండ్లు, 40వ ఏట మానినవారికి 9, 50వ ఏట 6, 60వ ఏట మానినను 3 ఏండ్లు ఆయువు కలిసివచ్చును. ముసలితనమున మానిన నేమి లాభమను ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సమాధానము లేదు.

మద్రాసున డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషివలన 1954లో అడయారు క్యాన్సరు సంస్థ వెలసినది. 1975 నాటి చట్టము సిగరెట్టుపెట్టెలపై హెచ్చరిక వేయించినది. 2003లో మరియొక చట్టము వచ్చినది. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగస్థలములందు పొగత్రాగుట దేశమంతట నిషిద్ధమైనది. 2016లో పెట్టెపై 85 పాళ్లు హెచ్చరికబొమ్మ ఉండవలెనను నియమము అమలునకు వచ్చినది. మానదలచినవారికి సలహా చెప్పుటకు ఉచిత దూరవాణి సంఖ్య 1800-112-356 ఆ యేడే ఏర్పడినది. ఇవన్నియు మేలైన పనులే. అయినను పెరటి అరుగుపై కూర్చుండి తానే ఆకు చుట్టుకొను ముదుసలి చుట్టకు పెట్టె లేదు, పెట్టెపై బొమ్మయు లేదు. ఆమె యున్నది బహిరంగస్థలమును కాదు. ఆమె నోరు తెరిపించి, అంగిలి చూచి, చెప్పవలసినవారు ఇంటివారే.