వారం వారం కూడబెట్టిన పండుగ

ఇంగ్లండులో క్రిస్మస్ మీద పెరిగిన ఆశల చరిత్రను చెప్పేవారు సాధారణంగా 1843 డిసెంబరులో చార్లెస్ డికెన్స్ ప్రచురించిన ‘ఎ క్రిస్మస్ కేరల్’ నవలికతో మొదలుపెట్టి, విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడినట్లు 1848లో ఒక వారపత్రిక ముద్రించిన చిత్రంతో ముగిస్తారు. ఆ పుస్తకమూ చిత్రమూ పండుగకు రూపం ఇచ్చిన మాట నిజమే అయినా, వారపు జీతంతో బతికే ఇళ్లలో దానికోసం నెలల తరబడి ఎదురుచూసే అలవాటు ఎలా నాటుకున్నదో వాటివల్ల తెలియదు.

అంతకుముందటి దశల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 4వ శతాబ్దపు రోమ్‌లో డిసెంబర్ 25 క్రీస్తు జన్మదినంగా స్థిరపడింది. ప్యూరిటన్లు, అనగా ఆరాధనలో ఆడంబరాన్ని గర్హించిన సంస్కరణవాదులు, పైచేయి సాధించిన పార్లమెంటు 1647లో ఆ పండుగను రద్దు చేయగా, 1660లో రాచరికంతో పాటు అది తిరిగివచ్చింది.

నిలిచి పరిశీలించవలసినది 19వ శతాబ్దం. డికెన్స్ నవలిక వెల 5 షిల్లింగులు. అందులోని గుమాస్తా బాబ్ క్రాచిట్ వారం జీతం 15 షిల్లింగులు. అటువంటి గుమాస్తా జీతంలో మూడోవంతు వెచ్చించి ఆ పుస్తకం కొని ఉంటాడనుకోవడం కష్టం. 1844 ఆరంభం నుంచే నాటకాలుగానూ, 1853లో బర్మింగ్‌హామ్‌లో శ్రామికులకు రుసుము తగ్గించి డికెన్స్ స్వయంగా చదివి వినిపించిన సభ ద్వారానూ ఆ కథ పేదలకు చేరిందన్న వాదనను తోసిపుచ్చలేము; కానీ కథ ఆశను రేపగలదే తప్ప తీర్చుకునే దారి చూపజాలదు.

ఆ దారిని చూపినవి గూస్ క్లబ్బులు. పేటలోని పబ్‌లో సభ్యులు వారానికి కొన్ని పెన్నీల చొప్పున కట్టి, పండుగ భోజనానికి ప్రధానమైన పెద్దబాతును క్రిస్మస్‌కు అందుకునే పొదుపు సంఘాలివి. తెలుగునాట చీటీ పాడుకున్నవారు సొమ్మును మధ్యలోనే తీసుకోవచ్చు. ఇక్కడ మాత్రం అందరి ఫలమూ ఒక్క దినానికే ముడిపడి ఉండేది. 1892లో వెలువడిన షెర్లాక్ హోమ్స్ కథ ఒకటి ఇలాంటి క్లబ్బు బాతు చుట్టూనే తిరగడాన్ని బట్టి, ఈ ఏర్పాటు పాఠకులకు ఎంత పరిచితమో ఊహించవచ్చు. పెన్నీ కట్టిన ప్రతి వారమూ ఆశ కొంత బలపడేది, సొమ్ము దాచినవారు మోసగిస్తే నిరాశ కూడా అన్ని వారాల బరువుతోనే వచ్చిపడేది. అయితే ఈ కారణాన్ని అతిగా సాగదీయరాదు: నిలకడైన పని లేని దినకూలీకి వారం వారం కట్టడం సాధ్యం కాదు గనుక, ఆ ఎదురుచూపు సైతం కొంత స్థోమత గలవారిదే.

1909లో అమెరికాలోని కార్లైల్ పట్టణపు బ్యాంకు క్రిస్మస్ పొదుపు ఖాతాలను ప్రారంభించడంతో ఈ పద్ధతి పబ్ గడప దాటింది. అయినా దానిలోని అపాయం తీరలేదు: 2006లో బ్రిటన్‌లో ఫేర్‌పాక్ అనే పొదుపు సంస్థ కూలినప్పుడు లక్షకు పైగా జనం పండుగకని దాచుకున్న సుమారు 3.7 కోట్ల పౌండ్లు చిక్కుకుపోయాయి.

ఇప్పుడు క్రెడిట్ కార్డు ఈ వరుసను తిరగవేసి, పండుగను ముందుకూ చెల్లింపును తరువాతికీ జరిపింది. రక్షణ లేని పాత పొదుపును ఆదర్శంగా నిలపడం తగదు గానీ, అప్పు ఆశను కుదించి నిరాశను జనవరికి వాయిదా వేసిందని చెప్పక తప్పదు. పెన్నీలు కూడబెట్టిన ఇంట పండుగ భోజనానికి బాకీ ఉండేది కాదు. ఆ నిశ్చింత ఆనాటి ఆనందంలో భాగమని గుర్తించక, క్రిస్మస్ ఆశల చరిత్రను ఒక పుస్తకానికీ ఒక చిత్రానికీ అప్పగించడం ఆ కూడబెట్టినవారికి అన్యాయం చేయడమే.