తూచడం కన్నా ఆవిరి చేయడమే కష్టం: మాస్ స్పెక్ట్రోమెట్రీ చరిత్ర

పదార్థంలోని అణువులకు విద్యుదావేశం కల్పించి, అంటే వాటిని అయాన్లుగా మార్చి, శూన్యంలో అయస్కాంత క్షేత్రం గుండా పంపినప్పుడు తేలికైనవి ఎక్కువగానూ బరువైనవి తక్కువగానూ దారి మళ్లుతాయన్నదే మాస్ స్పెక్ట్రోమెట్రీకి తొలినాటి ఆధారసూత్రం. కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్ 1912లో విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను రెండింటినీ వాడి నియాన్ వాయువును పరీక్షించగా, ఫోటో ఫలకంపై 20 ద్రవ్యరాశి గల రేఖ పక్కనే 22 వద్ద మరో మసక రేఖ కనిపించింది. ఆయన వద్ద పనిచేసిన ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో మరింత కచ్చితమైన పరికరాన్ని నిర్మించి, ఒకే మూలకానికి వేర్వేరు ద్రవ్యరాశులు గల పరమాణువులు, అనగా ఐసోటోపులు, ఉంటాయని నియాన్, క్లోరిన్ మొదలైన ఎన్నో మూలకాల్లో నిరూపించి, 1922లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నాడు.

భౌతికశాస్త్రజ్ఞుల చేతిలోని ఈ పరికరాన్ని నిత్యవిశ్లేషణకు మళ్లించినవి చమురు శుద్ధి కర్మాగారాలు. ఒకదానినొకటి పోలిన హైడ్రోకార్బన్ల మిశ్రమాన్ని స్వేదనంతో విడదీసి చూడటానికి చాలా కాలం పట్టేది కనుక, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికన్ సంస్థలు దీనిని కొనుగోలు చేశాయి. 1950లలో డౌ కెమికల్ సంస్థలో ఫ్రెడ్ మెక్‌లాఫర్టీ, రోలండ్ గోల్కే దీనిని గ్యాస్ క్రొమటోగ్రఫీతో జోడించడంతో, మిశ్రమంలోని అంశాలు ఒకదాని తరువాత ఒకటి విడివడి వస్తుండగానే వాటిని గుర్తుపట్టే వీలు కలిగింది.

అయినా అసలు చిక్కు వేరేచోట ఉంది: ప్రోటీన్ల వంటి భారీ అణువులు వేడికి ఆవిరి కాకముందే ముక్కలైపోయేవి. సూక్ష్మమైన గొట్టం కొసన అధిక వోల్టేజీతో ద్రావణాన్ని తుంపరలుగా చిమ్మితే, ద్రావణి ఇగిరిపోయి ఆవేశిత అణువులు చెక్కుచెదరకుండా మిగులుతాయని 1980లలో యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫెన్ చూపాడు. అంతకు రెండు దశాబ్దాల ముందే మాల్కమ్ డోల్ ఈ ఆలోచన చేశాడన్నది మరువరాని విషయం. జపాన్‌లోని షిమాజు సంస్థలో కోయిచి తనాకా, గ్లిజరిన్‌లో కలిపిన అతిసూక్ష్మ కోబాల్టు పొడి సాయంతో లేజర్ ద్వారా అదే ఫలితం సాధించాడు. 2002 రసాయనశాస్త్ర నోబెల్‌లో వీరిద్దరికీ భాగం దక్కింది. ఈ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప మలుపు ఇదేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

మాస్ స్పెక్ట్రోమెట్రీ ప్రయోజనం ఔషధ రంగంలో ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. రక్తపోటు మందైన వల్సార్టాన్‌లో 2018లో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్‌కు దారితీయగల మలినం బయటపడినప్పుడు, అమెరికా నియంత్రణ సంస్థ రోజుకు 96 నానోగ్రాముల పరిమితి విధించింది; నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. ఇంతటి స్వల్పమోతాదును పసిగట్టడానికి మాస్ స్పెక్ట్రోమీటరే ప్రధాన సాధనం కావడంతో, హైదరాబాద్ నుంచి మందులు ఎగుమతి చేసే పరిశ్రమలకూ ఈ పరీక్ష తప్పనిసరి అయింది.