దివాన్ దేవిడి నుండి దారుల్‌షిఫాకు

హైదరాబాదు దబీర్‌పురాలో కళాప్రదర్శనము మ్యూజియములతో ఆరంభమైనది కాదు. బీబీ కా అలావాలోని అలమ్, మొహర్రం పదవనాడు ఏనుగుపై ఊరేగునపుడు, చూడదగిన వస్తువే జనుల వాకిళ్లకు నడచివచ్చును. పీర్లపండుగ నెరిగిన తెలుగువారికి ఇది క్రొత్తగాదు. జనులే వస్తువును వెదకికొని పోవు పద్ధతి ఈ ప్రాంతమున ఇరువదవ శతాబ్దమున గాని స్థిరపడలేదు.

1876లో నిజాము దివానైన మొదటి సాలార్‌జంగు రోమునుండి తెచ్చిన బెంజోనీ శిల్పము, మేలిముసుగు రెబెక్కా, చిరకాలము దివానుల ఇంటి అలంకారమే. ఆయన మనుమడు, మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1914లో దివాన్‌గిరి విడిచి, తన సంపదను వస్తుసేకరణమునకే ధారవోసి, 1949లో నిస్సంతుగా గతించెను. చెల్లాచెదరుగానున్న ఆ రాశిని జేమ్స్ కజిన్స్ వంటి కళాకోవిదుని సాయమున క్రమపరచిన పిమ్మట, 1951 డిసెంబరు 16న నెహ్రూ దివాన్ దేవిడిలో సాలార్‌జంగు మ్యూజియమును ప్రారంభించెను. సేకర్త నివసించిన ఇల్లే ప్రదర్శనశాల యగుటచే, వస్తువులతోపాటు ఆయన అభిరుచియు, కొండొకచో ఆయన చాపల్యమును, చూపరుల కగుపడుచుండెను.

1961లో పార్లమెంటు చట్టముచే జాతీయ ప్రాముఖ్యము నొందిన ఈ సంస్థ, 1968లో మూసీ దక్షిణతీరమున దారుల్‌షిఫాలోని నూతన భవనమునకు తరలెను. దంతపుపని, పచ్చరాయి, బిదిరీ, ఆయుధములు వేర్వేరు గదులకు చేరినవి. చదువుకొనువానికిది మేలే, కాని ఇంటి వాసన పోయినది. దేవిడి సయితము పెక్కుభాగము కూలి, ద్వారములు మాత్రము మిగిలినవి.

అమరికయే కళార్థమును ఎట్లు నిర్ణయించునో ఇచటి జంటప్రతిమయొద్ద తెలియును. ఫౌస్టు కథలోని పాత్రలు రెండు ఒకే కొయ్యదుంగలో: ముందువైపు మెడ నిక్కించిన మెఫిస్టోఫిలిస్, వెనుకవైపు తల వాల్చిన మార్గరెట్టా. వెనుక నిలువుటద్దము లేనిచో ఎదుట నిలిచినవానికి ఆమె యున్నదనియే తెలియదు. మ్యూజియములోని గడియారమున బొమ్మ వెలికివచ్చి గంట కొట్టుట చూడ గుమిగూడువారు ఈ యద్దమునొద్ద మరికొంతసేపు నిలిచిన బాగుండును!

2000లో నిజాం మ్యూజియము వెలసిన సమీపపు పురానీ హవేలీలో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల బీరువాల వరుస, తన పాత పొడవాటి గదిలోనే నేటికిని నిలిచియున్నది. దానిని చూచినవారికి దారుల్‌షిఫాలో లోపించినదేదో వేరుగా చెప్పనక్కరలేదు. ఏ వస్తువు దేవిడిలో ఏ గది నలంకరించెనో తెలుపు పటమును, లభ్యమైనంతవరకు, ఆయా వస్తువుల చెంతనే తెలుగు, ఉర్దూ వివరణములతో నిలుపవలసినదిగా మ్యూజియమువారికి మనవి.